సింహాచలం గారు రెండుసార్లు కాదన్న ప్రశ్న

2023 వానాకాలం. అప్పటికి నేను భిలాయిలో ఒక చిన్న క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా చాలా ఏళ్లనుంచి పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లకు మళ్లీ మాట కూడబలుక్కోవడం నేర్పడం నా పని. కదలలేని వాళ్ల ఇళ్లకు నేనే వెళ్తాను. అలా వెళ్లిన ఇళ్లలో సెక్టర్ 7లో పైడమ్మ గారి క్వార్టరు ఒకటి. రోగి ఆవిడ అన్నయ్య సింహాచలం గారు.

వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చినవాడు. సింహాచలం గారు ఇక్కడే బడికెళ్లి, పై చదువులకు బయటికెళ్లి, భౌతిక శాస్త్రవేత్త అయ్యారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా తన పాత విద్యార్థిని నందితతో కలిసి పరిశోధన సాగిస్తూ ఉండగా స్ట్రోక్ వచ్చింది. పైడమ్మ గారు తన దగ్గరికి తెచ్చుకున్నారు.

ఆయనకు వచ్చింది అఫేజియా. మెదడులో మాటలు చూసుకునే భాగం దెబ్బతినడం అన్నమాట. మనిషికి తెలివి అలాగే ఉండొచ్చు, మాట మాత్రం చిక్కదు. సింహాచలం గారి దగ్గర మిగిలిన మాట ఒక్కటే: "నో". టీ ఇచ్చినా నో, పేరడిగినా నో. ఇలా ఒకే మాట ఇరుక్కుపోయి తిరిగి తిరిగి రావడాన్ని మేం పర్సెవరేషన్ అంటాం. దాన్ని జవాబుగా లెక్కలోకి తీసుకోం.

అందుకే రెండు కార్డులు వాడతాం. ఒకదానిమీద టిక్కు, ఒకదానిమీద ఇంటూ. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు వేస్తాం. తర్వాత అదే ప్రశ్నను తిరగేసి అడుగుతాం. "బయట వాన పడుతోందా?" అంటే టిక్కు ముట్టుకున్న మనిషి, "బయట ఎండగా ఉందా?" అంటే ఇంటూ ముట్టుకోవాలి. రెండిటికీ ఒకటే ముట్టుకుంటే ఆ జవాబులు నమ్మదగినవి కావని రాస్తాం.

సింహాచలం గారు ఇంగ్లీషు ప్రశ్నలకు ఒకరోజు ఒకటి, మరో రోజు ఇంకొకటి ముట్టుకునేవారు. హిందీలోనూ అంతే.

ఆ రోజుల్లోనే నందిత పుణె నుంచి ఫోన్ చేసింది. తనూ సింహాచలం గారూ కలిసి రాసిన పరిశోధన పేపరు అచ్చుకు సిద్ధంగా ఉంది. వారంలోగా ఆమె పత్రికవాళ్లకు ఆఖరి మాట చెప్పాలి. స్ట్రోక్‌కు ముందు ఆయన మొదటి భాగాలే చూశారు. ముగింపు తర్వాత ఆమె రాసింది. పైడమ్మ గారి కొడుకు ఆ కాగితాలు చూపించినప్పుడల్లా ఆయన "నో" అంటూ తోసేస్తున్నారు.

"సర్ వద్దంటే ఆపేస్తాను భయ్యా," అంది హిందీలో. "కానీ అది జబ్బు పలికించిన మాటే అయితే? ఇది ఆయన చివరి పేపరు. జబ్బు మాట విని దాన్ని ఆపేశానని తర్వాత తెలిస్తే నేనేం చేయాలి?"

మరోసారి కార్డులతో చూసి చెప్తానన్నాను.

మర్నాడు వెళ్లేసరికి పైడమ్మ గారు టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, ఎప్పటిలాగే కోప్పడుతున్నారు.

"పంచదార ఎక్కువైందేటి అన్నియ్యా? సెప్పకపోతే నాకెలా తెలుస్తాది?"

ఆయన ఒక గుక్క తాగి, ఎడమ చేత్తో బల్లమీదున్న ఇంటూ కార్డు ముట్టుకున్నారు.

"మరి తక్కువైందేటి?"

టిక్కు.

ఆవిడ చెంచాతో పంచదార వేశారు. అది పరీక్ష అని ఆవిడకు తెలియదు. ప్రశ్నను తిరగేసి అడిగారు, జవాబూ తిరగబడింది. నేను వెంటనే వాన గురించీ, సెక్టరు గురించీ, ఆవిడ ఆయనకు అక్కా చెల్లెలా అన్నదాని గురించీ తెలుగులో అడిగాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

మా టౌన్‌షిప్పు తెలుగిళ్లలో వంటింట్లో తెలుగు, బజారులో హిందీ, పుస్తకం తెరిస్తే ఇంగ్లీషు. చదువు మాట తెలుగులో అడిగితే పాఠం అర్థం కానివాడి కింద జమకడతారు. శాస్త్రవేత్తని చూసి కార్డులతో నేను పుస్తకం భాషే తీశాను, కాదంటే బజారు భాష. ఆయనకు మిగిలింది వంటింటి భాష. ఎక్కువ భాషలు వచ్చినవాళ్లకు అఫేజియా వస్తే అన్నీ ఒకే తీరుగా తిరిగి రావని నా చదువులో ఉంది.

"పేపరు గురించి తెలుగులోనే అడుగుదాం పిన్నిగారూ," అన్నాను.

"ఇంగ్లీసోళ్లకి పాఠాలు సెప్పినోడు బాబూ. నామోసీ పడతాడేమో," అన్నారావిడ. "అయినా ఇన్నేళ్లు ఏటి సేసినాడో మాకే తెల్దు. అడిగితే ఏది ముందు, ఏది ఎనక అని లెక్క తీస్తన్నానే అనీవోడు. రేషను లైన్లో నిలబడితే అదే తెలుస్తాది కదేటి అనీదాన్ని."

అడగాలంటే ముందు నాకు అర్థం కావాలి. నేను కాలేజీలో ఫిజిక్స్ చదవలేదు. కూలీల బస్తీ క్యాంప్ 2లో మా ఇంట్లో కూర్చుని చదవడానికి చోటు లేక చిన్నప్పుడే లైబ్రరీకి అలవాటు పడ్డాను. సైన్సు బీరువాలో నాకు అందే పుస్తకాలన్నీ చదివాననే చెప్పుకుంటాను. మళ్లీ అక్కడికే వెళ్లాను. నందిత కూడా ఫోన్లో ఓపిగ్గా చెప్పింది.

నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. ఒకదాన్నుంచి మరోదానికి కాంతి కూడా చేరలేనంత ఎడంగా జరిగిన రెండు సంఘటనల్లో ఏది ముందు అంటే, ఒక్కో వేగంతో పోయేవాళ్లు ఒక్కో జవాబు చెప్తారు, ఎవరిదీ తప్పు కాదంటుంది సాపేక్షత. ప్లాంటు సైరను దగ్గరివాళ్లకు ముందూ, దూరపువాళ్లకు తర్వాతా వినపడటం లాంటిది కాదిది. శబ్దం ప్రయాణించిన సమయాన్ని తీసేస్తే ఆ తేడా పోతుంది. ఇది పోదు. క్వాంటం సిద్ధాంతానికి వస్తే, జంటగా పుట్టి దూరమైన రెండు కణాల్లో ఒకదాన్ని కొలిస్తే, రెండోదాని స్థితి "అప్పటికప్పుడే" మారినట్టు లెక్క వేస్తారు. అప్పటికప్పుడే అంటే ఎవరి గడియారం ప్రకారం? సింహాచలం గారి ఉద్యోగ జీవితమంతా ఈ ప్రశ్న మీదే గడిచింది. లోపల ఎక్కడో, మన గడియారాలకు చిక్కని అసలైన వరస ఒకటి ఉందని కొందరంటారు. పేపరు చివరి భాగంలో నందిత రాసిందీ అదే: అలాంటి వరస ఉండి తీరాలి.

శనివారం నందితను వీడియో కాల్‌లో పెట్టి, చివరి భాగంలో ఏముందో ఆయనకు తెలుగులో చెప్పి, కార్డులు బల్లమీద పరిచాను.

"సింహాచలం గారూ, పేపరు ఆపేయమంటారా?"

ఇంటూ.

"అచ్చు కానివ్వమంటారా?"

టిక్కు.

"మీ పేరు తీసేయాలా?" ఇంటూ. "ఉంచాలా?" టిక్కు.

"చివరి భాగం ఉండాలా?" ఇంటూ. "తీసేయాలా?" టిక్కు.

ఒక్కొక్కటీ నందితకు హిందీలో చెప్పాను.

"అది నేను రాసుకున్నది," అంది. "ఎందుకు వద్దో అడగండి. తప్పా అది?"

ప్రశ్నను వంటింటి మాటల్లోకి తేవడానికి పైడమ్మ గారే సాయం పట్టారు. "దూరంగా జరిగిన రెండిటికీ, ఇది ముందు, అది ఎనక అని అసలైన వరస ఒకటి ఉన్నాదా అన్నియ్యా?"

ఇంటూ.

నేను తిరగేసి అడిగాను. "అయితే అలాంటి వరస లేనే లేదా?"

ఇంటూ.

మళ్లీ అడిగాను. రెండుసార్లూ ఇంటూయే. నా పద్ధతిలో దీనికి ఒకటే అర్థం. ఇది చెదిరిపోతే, అంతకుముందు వచ్చిన జవాబులనూ నమ్మడానికి వీల్లేదు. "ఆయన అలిసిపోయి ఉండొచ్చు. ఈ జవాబులకు నేను పూచీ పడలేను," అని నందితకు చెప్పాను.

"ఉందన్నదానికీ కాదు, లేదన్నదానికీ కాదు. అంతేనా?"

"అంతే."

ఆమె నవ్వింది. "భయ్యా, ప్రతి ఏడూ ఆఖరి క్లాసులో సర్ చేసేది ఇదే. 'ఉంది', 'లేదు' అని బోర్డు మీద రాసి, రెండూ కొట్టేసేవారు. ఉందని ఎవరూ తేల్చలేదు, లేదనీ తేల్చలేదు అనేవారు."

అయినా ఆమె మాట పట్టుకుని నేను నిర్ధారించుకోకూడదు. ఆయన వైపు తిరిగాను. "ఇది ఇంకా తేలలేదని మీ..."

నా మాట పూర్తి కాకముందే వేలు టిక్కు మీద పడింది. పెదవులు కాసేపు కష్టపడ్డాయి.

"తెల్దు," అన్నారు సింహాచలం గారు.

నో కాకుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

పైడమ్మ గారు చెంగుతో కళ్లొత్తుకున్నారు. "ఇంత సదువూ సదివి తెల్దంటావేటి అన్నియ్యా? ఆ మాట నేనూ సెప్పగల్ను." ఆయన ముఖంలో ఎడమ సగం నవ్వింది.

నందిత చివరి భాగాన్ని తీసేసి, అక్కడ ఒక ప్రశ్నను వదిలింది. పేపరు ఇద్దరి పేర్లతోనూ అచ్చయింది.

నమ్మదగిన రోగి ప్రశ్నను తిరగేస్తే జవాబూ తిరగేస్తాడని నేను నేర్చుకున్నాను. వానకూ పంచదారకూ అది సరిపోతుంది. కొన్ని ప్రశ్నలకు మాత్రం అవుననీ కాదనీ రెండు గదులే కట్టి మనిషిని అందులోకి నెడతాం. అతను రెండిట్లోనూ ఉండనంటే తప్పు మనిషిది అనుకుంటాం. ఇప్పుడు జవాబు మీద సందేహం వస్తే, ముందు నా ప్రశ్నను చూసుకుంటాను.

మరుసటి వారం మూడో కార్డు చేసి తీసుకెళ్లాను. దానిమీద ప్రశ్న గుర్తు. పైడమ్మ గారు టీ తెచ్చి ముందు పెట్టారు.

"పంచదార సరిపోయిందేటి అన్నియ్యా?"

ఆయన కొత్త కార్డు ముట్టుకున్నారు.

"ఇదేటి బాబూ, దీనికీ తెల్దేనా?" అన్నారావిడ నావైపు తిరిగి.

"ఆయన ఇంకా తాగలేదు పిన్నిగారూ," అన్నాను.