సాక్ష్యం లేని కార్డు

ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు కార్యాలయంలో అందరూ ఆయన్ని భూతద్దం అనేవారు. ముప్ఫయ్యేళ్లుగా కళ్లలో వత్తులు వేసుకుని ప్రూఫులు దిద్దుతున్నాడు. శుక్రవారం పదవీ విరమణ. గురువారం మధ్యాహ్నం, అట్టపెట్టెల్లోని కార్డులను ఎడిటరమ్మ కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే పక్కన కూర్చున్నాడు.

అక్కడ ఒకటే నియమం. అచ్చులో దొరికిన ఉదాహరణ లేనిదే ఏ అర్థమూ పుస్తకంలోకి రాదు. కార్డు మీద వాక్యం, దాని కింద పత్రిక పేరు, పేజీ ఉండాలి.

"మీ పెళ్లి శుభలేఖలో కూడా తప్పు పట్టారటగా?" అందామె.

"పెళ్లికూతురి పేరే తప్పు వేస్తే, నోరుమూసుకుని ఎవర్ని చేసుకోమంటావమ్మా?"

నవ్వుతూ ఆమె తర్వాతి కార్డు తీసింది. వ్యాంగిల్. ఇంగ్లిషువాళ్లు కబుర్లలో వాడే క్రియ. మాయచేసో, మాటలు చెప్పో పని సాధించుకోవడం. పుట్టుక ఇదమిత్థమని తెలియదు గానీ, తొలినాళ్లలో అచ్చుపనివాళ్ల నోళ్లలో నలిగింది. వెనక 'అవుటాఫ్' తగిలిస్తే ఉపాయంగా తప్పించుకోవడం. కింద ఉదాహరణ: ఒకడు తల్లిని చూడటానికి ఎలాగో ఒకపూట సెలవు సంపాదిస్తాడు.

"ఈ పత్రిక ఎక్కడ దొరుకుతుందండీ? పేజీ సరిచూడాలి."

ఆయన కార్డు మీంచి చూపు తిప్పుకున్నాడు. "అదెప్పుడో మూతపడిందమ్మా."

"మీరు చూశారుగా, చాలు. ఇంకెవరైనా అయితే ఒప్పుకోను."

ఆ నమ్మకమే ఆయన్ని కోసేసింది.

"ఆగమ్మా. ఆ వాక్యం నేనే రాశాను. అసలా పత్రికే లేదు."

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఆరోజు అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఈ పెట్టె పూర్తయితేనే కదలమన్నాడు అప్పటి ఎడిటరు పెద్దాయన. ఈ ఒక్కదానికే ఉదాహరణ దొరకలేదు. పుట్టించేశాను. నాలుగింటికి వెళ్తే నన్ను గుర్తుపట్టింది. ఏడింటికి పోయింది."

ఆమె అంది: "మూడు ముద్రణల్లో ఉందండీ ఇది."

"మూడుసార్లూ ప్రూఫు దిద్దింది నేనే."

"ఉంచేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలిసిందిగా. ముందుమాటలో 'ఒక్క తప్పూ పోనివ్వని మనిషి' అని నా గురించి రాశావే, అదీ తీసెయ్యి."

ఎర్రపెన్నుతో వాక్యం కొట్టేసి, అలవాటుగా అంచున పొడి సంతకం పెట్టాడు. ఆమె ముందుమాట తెరిచి, ఆ మాటలు చెరిపి, కార్డు ఆయన చేతికే ఇచ్చింది.

"కొట్టేసినవి ఇక్కడ దాచం కదండీ. తీసుకెళ్లండి."

ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచి, పాత పత్రికల కట్ట ఒకటి దించి, తాడు విప్పాడు.

"ఆ మాటకో నిజమైన వాక్యం కావాలి. రేపటిదాకా ఉన్నాగా."