గొంతు దిగని ముద్ద

నలభై దాటాక ఆమె మళ్లీ పుస్తకాలు పట్టింది. అంతవరకు ఆస్పత్రి వార్డులో నర్సు. మందులిచ్చి మంచం పక్కన కాసేపు నిలబడితే రోగులు అసలు సంగతి చెప్పేవారు. నిలబడే తీరికే ఉండేది కాదు. అందుకే కౌన్సెలింగ్ చదివి, కళ్లజోళ్ల దుకాణం పైన ఒక గది తీసుకుంది.

"ఇంట్లో నా మాట చెవిన పెట్టవు గానీ, ఊళ్లోవాళ్ల మాటలు వినడానికి గది కూడా తీసుకున్నావా," అని భర్త నవ్వాడు. గోడలకు రంగు వేసింది మాత్రం ఆయనే.

ఒకరోజు ఆ గదికి ఒక వంటవాడిని అతని అక్క వెంటబెట్టుకొచ్చింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని. చొక్కా హ్యాంగర్‌కు తగిలించినట్టుంది.

"అంతమందికి వండి పెడతాడు మేడమ్, తనకు మాత్రం పాలు, సూపు. వట్టి మొండితనం. మీరైనా గట్టిగా చెప్పండి," అంది అక్క.

ఆమె గట్టిగా ఏమీ చెప్పలేదు. "ముందు డాక్టరుకు గొంతు చూపించి రండి. అక్కడేదైనా ఉంటే నా మాటలు పనికిరావు."

గొంతులో లోపం లేదని తేలింది. బరువు బాగా తగ్గిందని, తన దగ్గరికి కూడా క్రమం తప్పకుండా రావాలని డాక్టరు చెప్పాడు. ఈసారి ఆమె అక్కను వరండాలో కూర్చోబెట్టి, అతన్ని ఒక్కడినే లోపలికి పిలిచింది.

ఎందుకు తినడం లేదని అడుగుతుందని అతను జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఆమె అడిగింది వేరు. "భయం వచ్చినప్పుడు ముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?"

అతను మెడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు మెల్లగా బయటపడింది. పని తొందరలో తింటుంటే మాంసం ముక్క గొంతుకు అడ్డం పడింది. ఊపిరాడలేదు. తోటివాడు వీపు చరిచి బతికించాడు. మర్నాటి నుంచి అది క్యాంటీన్‌లో తమాషా కథ. అతనికి మాత్రం ప్రతి ముద్దా ఆ ముక్కే.

"వంటవాడు తిండికి భయపడతాడంటే ఎవరు నమ్ముతారు మేడమ్? పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుంది."

ఆ మాటను ఆమె తేలిగ్గా వదిలేయలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగానే, సూటిగా అడిగింది.

"అలా కాదు. ఈ భయం ఆగితే చాలు."

"ఎప్పుడైనా అలా అనిపిస్తే ఆ క్షణమే ఎవరికైనా చెప్పాలి. మీరు ఒప్పుకుంటే ఈ సంగతి అక్కకూ, డాక్టరుకూ చెబుదాం."

ఒప్పుకున్నాడు. డాక్టరు దిగులుకు మందు మొదలుపెట్టాడు. ఇంట్లో ఇక 'తిను' అనే మాట వినపడకూడదని ఆమె అక్కకు చెప్పింది.

"మరి బల్ల దగ్గర ఏం మాట్లాడను?"

"మీ ఆఫీసులో మేనేజరును తిట్టండి."

"అది బాగానే వచ్చు," అంది అక్క.

గదిలో మెత్తటి పండు ముక్కలతో మొదలుపెట్టారు. అతనితోపాటు ఆమె కూడా తినేది. "భయం పోయాక తిందామనుకుంటే ఎప్పటికీ తినలేం. దడ వస్తే రానివ్వండి, తగ్గేదాకా నేను ఇక్కడే ఉంటాను." దడ వచ్చేది, తగ్గేది. పండు తర్వాత నానబెట్టిన బ్రెడ్డు, తర్వాత ఉత్త బ్రెడ్డు.

ఒకనాడు పొలమారింది. పళ్లెం నెట్టేసి వెళ్లిపోయాడు. కొన్ని వారాలు రాలేదు. ఆమె ఫోన్ చేసి, తలుపు తీసే ఉంటుందని మాత్రం చెప్పింది. చివరికి వచ్చి తల దించుకున్నాడు.

"మళ్లీ మొదటికొచ్చింది మేడమ్."

"మొదట్లో మిమ్మల్ని అక్క లాక్కొచ్చింది. ఇవాళ మీ అంతట మీరే మెట్లెక్కారు."

ఆ ఏడాది చివర్లో ఒక సంగతి చెప్పాడు. క్యాంటీన్‌లో అందరితో కూర్చుంటే, ఎవరో ఆ పాత కథ ఎత్తుకున్నారట. "ఆరోజు నేను పోయాననే అనుకున్నాను," అన్నాడట ఇతను. ఎవరూ నవ్వలేదు. వీపు చరిచినవాడు మాత్రం, "నేనూ అదే అనుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో నేనూ అన్నం ముట్టలేదు," అన్నాడట.

"మరి మీ భోజనం?" అని అడిగింది ఆమె.

"చల్లారిపోయింది. అయినా తిన్నాను."

మాంసం జోలికి ఇంకా పోలేదు. ఆమె దాని ఊసెత్తలేదు. ఇకనుంచి నెలకోసారి వస్తే చాలంది.