ఏడు నెలల పచ్చి సిమెంటు

మా బాబాయి లెక్క ప్రకారం సిమెంటు అనేది ఎప్పటికీ ఆరదు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి అది. మిగతా విషయాల్లో అంత నెమ్మదైన మనిషి ఇంకొకరు ఉండరు. కాఫీలో పంచదార వేయడం మర్చిపోయినా మాట్లాడకుండా తాగి, కప్పు కడిగి బోర్లిస్తాడు. కానీ గేటు నుంచి మెట్ల దాకా పోయించిన కాంక్రీటు మీద ఎవరైనా కాలు పెట్టబోయారా, "ఆగు, ఇంకా పచ్చిగానే ఉంది" అని ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. మొదటి వారం ఆ మాట అంటే గౌరవంగా ఆగిపోయాం. ఏడో నెలలో కూడా అంటుంటే, ఆయన్ని ఏ డాక్టరుకి చూపించాలా అని వాకబు చేయడం మొదలుపెట్టాం.

అసలు ఆ కాంక్రీటు పిన్ని కారు కోసం. పిన్ని యాభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుని, ఒక పాత కారు కొనుక్కుంది. వీధిలో నిలబెడితే వచ్చేపోయేవాళ్లంతా దాని మీద గీతలు గీస్తున్నారు. అందుకని ఇంటి ముందు మట్టి తవ్వించి, కంకర పరిపించి, దిమ్మిస కొట్టించి, ఇనప జాలీ వేయించి, గోడ నుంచి గోడ దాకా కాంక్రీటు పోయించారు. నేను ఆ ఇంటి మేడ మీద గదిలో ఉంటూ ఉద్యోగానికి వెళ్లొస్తున్నాను కాబట్టి ఇదంతా కళ్లారా చూశాను.

మేస్త్రీ వెళుతూ వెళుతూ అంతా వివరంగానే చెప్పాడు. "చుట్టూ గట్టు కట్టి నీళ్లు నిలబెట్టండి. పది రోజులు ఎండనివ్వకండి. నాలుగో రోజు నుంచి నడవచ్చు. నెల దాటాక ఏనుగుని ఎక్కించినా దానికేం కాదు."

బాబాయి మొదటి సగం విన్నాడు, రెండో సగం వినలేదు.

పోసిన రోజే ఒక పిల్లి దాని మీద నడిచింది. బాబాయి దాన్ని వీధి చివరిదాకా తరిమాడు.

"పట్టుకుని ఏం చేద్దామనుకున్నావు బాబాయ్?" అన్నాను.

"చెబుదామని," అన్నాడు రొప్పుతూ.

ముందు గేటుకి తాళం పడింది. అందరం వెనక సందులోంచి వంటింటి గుమ్మం గుండా రాకపోకలు సాగించాం. మా ఇంటికొచ్చే చుట్టాలు ముందు పొయ్యి మీద ఏం ఉడుకుతోందో చూసి, తర్వాత మమ్మల్ని పలకరించేవారు. పోస్ట్‌మ్యాన్ కోసం బాబాయి ఒక పొడవాటి వెదురు కర్ర చివర బట్టలారేసే క్లిప్పు కట్టాడు. గేటు మీంచి చాపిన ఆ క్లిప్పుకి ఉత్తరం తగిలిస్తే, మెట్ల మీద కూర్చుని గాలం లాగినట్టు లాక్కునేవాడు.

నాలుగో నెలలో నేను ఉండబట్టలేక సుత్తి తెచ్చి, ఆయన ముందే కాంక్రీటు మీద ఒక్కటిచ్చాను. ఖంగుమంది. నిప్పురవ్వ లేచింది.

"చూశావా బాబాయ్? రాయి అయిపోయింది."

"పైన ఆరింది. లోపల పచ్చి."

"లోపలంటే ఎంత లోపల?"

"నీకు కనపడనంత లోపల."

పైగా ప్రతి ఆదివారం సబ్బుపొడి చల్లి, కొబ్బరిపీచు బ్రష్షుతో దాన్ని తోమేవాడు. కారన్నది ఎక్కని చోట ఆయిల్ మరకల కోసం మోకాళ్ల మీద వెతికేవాడు. రాలిన ఆకుని కూడా పావుగంట ఉండనిచ్చేవాడు కాదు.

"మరి నువ్వు నడుస్తున్నావుగా?" అంటే, ఎనభై అయిదు కిలోల మనిషి ఏమాత్రం తొణక్కుండా, "నేను బరువు పెట్టకుండా నడుస్తాను," అన్నాడు.

ఒకరోజు గోడ పొడుగునా నడుం ఎత్తులో ఇనప కడ్డీ బిగించి ఉంది. ఎందుకని అడిగితే, గోడ ఒరక్కుండా అన్నాడు. ఆ గోడ ఆయన కన్నా నిటారుగా ఉంది.

మేం నవ్వుకుంటున్నాం కానీ పిన్ని నవ్వడం మానేసింది. ఒక సాయంత్రం నేను వంటింట్లోంచి లోపలికి వస్తుంటే, స్టవ్వు కట్టేసి నా వైపు తిరిగింది.

"నేను కారు నడపడం మీ బాబాయికి ఇష్టం లేదురా. నోటితో అనలేక సిమెంటు చేత అనిపిస్తున్నాడు," అంది.

నాకు చల్లటి నీళ్లు మీద పోసినట్టయింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరూ గట్టిగా పోట్లాడుకోగా నేను వినలేదు. ఇప్పుడూ పోట్లాడుకోవడం లేదు. అదే నాకు భయమేసింది.

"బుధవారం సెలవు పెడుతున్నాను. పదకొండింటికి కారు గేట్లోంచి లోపలికి పోనిస్తాను. అది మెట్ల దాకా వెళ్లిందా సరే. మళ్లీ పచ్చి అన్నాడా, అదే కారులో మా చెల్లెలింటికి వెళ్లిపోతాను. వాళ్లింట్లో మామూలు సిమెంటే ఉంది."

అన్నట్టే బుధవారం నన్ను ఆఫీసు నుంచి లాక్కొచ్చింది. మా గేటు పైదాకా ఇనప రేకు, అవతల ఏముందో కనపడదు. నా చేతికి రెండో తాళంచెవి ఇచ్చి, "గేటు నువ్వు తియ్యి. మిగతాది నేను చూసుకుంటాను," అంది. నేను దిగి రెండు తలుపులూ బార్లా తెరిచి, తెరిచినవాణ్ని తెరిచినట్టే కొయ్యబారిపోయాను.

బాబాయి కాంక్రీటు మీద వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. రెండు చేతులూ ముందుకి చాపి, పసిపిల్లకి నడక నేర్పుతున్నట్టు ఉన్నాడు. ఆయనకి ఎదురుగా, గోడ కడ్డీ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ ఎదురింటి డ్రిల్ మాస్టారు నడుస్తున్నారు.

ఈ వీధిలో ఆ మాస్టారి చేతికింద పరిగెత్తని మగపిల్లాడు లేడు. చిన్నప్పుడు ఇక్కడే చదువుకున్న నన్నూ పరిగెత్తించారు. తొమ్మిది నెలల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చి కాలూ మాటా రెండూ పడిపోయాయి. మంచం దిగడం లేదని, ఎవర్నీ రానివ్వడం లేదని వాళ్లింట్లోవాళ్లు చెబితే నమ్మేశాం.

ఈలోగా కారు ముందు చక్రాలు గేట్లోకి వచ్చేశాయి. పిన్ని బ్రేకు మీద నిలబడ్డంత పని చేసింది. బాబాయి మా వైపు తిరిగాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు.

దాని మీద ఇద్దరు నిలువెత్తు మనుషులున్నారు. ఆ సంగతి ఆయనకీ తట్టినట్టుంది, నోరు మూసుకున్నాడు.

మాస్టారు మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ మనిషి తల దించుకోగా నేనెన్నడూ చూడలేదు.

బాబాయి వచ్చి కారు కిటికీ దగ్గర వంగాడు.

"నడవకపోతే కాలు రాదన్నాడు డాక్టరు," అన్నాడు మెల్లగా. "రోడ్డంతా గుంతలు. వీధిలో వాళ్లంతా ఆయన పరిగెత్తించినవాళ్లే. వాళ్లముందు కాలీడ్చుకుంటూ నడిచే కన్నా మంచంలోనే పోతానని ఎడమచేత్తో రాసి చూపించాడు. మీరిద్దరూ పనులకి వెళ్లాక, ఎవరూ చూడని చోటు నేను చూపిస్తానన్నాను. ఇంట్లో కూడా చెప్పనని మాటిచ్చాను."

"సాయంత్రాలైనా నా కారు లోపల పెట్టుకోనివ్వచ్చుగా?"

"నీ కారు నిలబడ్డ చోటల్లా ఆయిల్ కారుస్తుందే. ఒక్క చుక్క మీద ఆయన కాలు పడితే ఇంకేమన్నా ఉందా?"

పిన్ని చేతిబ్రేకు లాగింది. "నేను నడపడం మీకిష్టం లేదనుకున్నాను," అంది.

బాబాయి నిజంగా నిర్ఘాంతపోయాడు. "ఇష్టం లేకపోతే ఇంత కాంక్రీటు ఎందుకు పోయిస్తానే?"

పిన్ని కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు మాస్టారిని అయ్యో పాపం అంటుందేమోనని నేను హడలిపోయాను. పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మాస్టారూ, నాకు రివర్సు చేయడం సరిగ్గా రాదు. ఈయనకి కుడీ ఎడమా తెలియదు. మావాడి సంగతి మీకు తెలిసిందే. కారు మళ్లీ రోడ్డు మీదే పెట్టుకోవాలి. గేటు స్తంభం తగలకుండా కాస్త చూసి చెబుతారా?"

మాస్టారు మెల్లగా ఇటు తిరిగారు. ఒకప్పుడు మమ్మల్ని వరసలో నిలబెట్టి చూసినట్టు కారుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశారు. కడ్డీ మీది చెయ్యి వదిలేశారు. బాబాయి పట్టుకోవడానికి ఒక అడుగు వేసి, వేసినచోటే ఆగాడు.

మాస్టారు చెయ్యెత్తి ఎడమకి చూపించారు. పిన్ని ఎడమకి తిప్పింది. ఇంకొంచెం అన్నట్టు వేలు ఆడించారు. కారు ఇంకొంచెం వెనక్కి వెళ్లింది. ఉన్నట్టుండి అరచెయ్యి అడ్డంగా పెట్టారు. పిన్ని అప్పుడు కారు పక్క అద్దంలోకి చూస్తోంది. ఆ అద్దమే స్తంభానికి కొట్టుకుని, ఊడి, నా కాళ్ల దగ్గర పడింది.

మాస్టారి పెదవులు కాసేపు వాటిలో అవి పోట్లాడుకున్నాయి.

"మ... మళ్లీ," అన్నారు.

తొమ్మిది నెలల తర్వాత ఆ గొంతు విన్నాం. బాబాయి నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు.

"అలాగే మాస్టారూ," అని పిన్ని కారుని మళ్లీ ముందుకి పోనిచ్చింది. నాకెవరూ ఏమీ చెప్పలేదు కానీ, విరిగిన అద్దం చంకలో పెట్టుకుని నేను కూడా నిటారుగా నిలబడ్డాను.