నీడల పాఠంలో ఆఫీసరు సారు

పంతులమ్మ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, సైన్సు ఉన్నది పిల్లలకు నేర్పడానికే అనుకునేంత అమాయకురాలిని. అది ఆఫీసర్లకు చూపించడానికి కూడా అని మొగుళ్లపల్లి దగ్గర ఒక ఊరి బడిలో తెలిసొచ్చింది. మాది స్టేషన్ ఘన్‌పూర్. డిగ్రీ అవగానే ఆ బడిలో తాత్కాలిక టీచరుగా వేశారు (తాత్కాలికం అంటే, పైవాళ్లకు నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే బస్సెక్కిస్తారు). ఆ సంగతి తేల్చడానికి జిల్లా నుంచి ఒక ఆఫీసరు వస్తున్నారనీ, ఆయన ఎదుట ఆరో తరగతికి నీడల పాఠం చెప్పాలనీ మా హెడ్మాస్టరు చెప్పారు. హెడ్మాస్టరును బడంతా పెద్దసారు అనేది.

జెండా కర్ర నీడ పొద్దున ఎంత సాగుతుందో, మధ్యాహ్నం ఎంత ముడుచుకుంటుందో పిల్లలకు రోజూ ఎండలో చూపించి తయారు చేశాను. తీరా ఆ రోజు, పేరుకు తగ్గట్టే మొగుళ్లపల్లి మీద మొగులు (మబ్బే) కమ్ముకుంది. కర్ర ఉంది, నేల ఉంది, నీడ మాత్రం లేదు. పెద్దసారు ఆకాశానికి మెమో ఇచ్చేవాడిలా పైకి చూశారు. "ఎండ లేకుంటే ఏందమ్మా, ఎట్లనన్న నీడ వడాలె! సారొచ్చి నీడేది అంటే నా మొఖం చూపియ్యాల్నా?" అని, షామియానా దుకాణం నుంచి పెళ్లిళ్లకు పెట్టే ఫోకస్ లైటు తెప్పించారు. తరగతి గది కిటికీలు మూయించి, గోడకు తెల్ల దుప్పటి కట్టించారు.

ఆఫీసరు సారు వచ్చారు. నిలువెత్తు మనిషి, ఎత్తుకు తగిన పొట్ట, వెనక ఫోన్‌తో ఫొటోలు తీసే ఒక ఉద్యోగి. నేను లైటు ముందు ఇత్తడి చెంబు పట్టుకుని మొదలుపెట్టాను. "వెలుతురు సక్కగ పోతది పిల్లలూ. నడిమిట్ల చెంబు అడ్డమొస్తే దాటిపోలేదు. వెలుతురు అందని కాడ చీకటి మిగుల్తది. గదే నీడ." దుప్పటి మీద చెంబు నీడ చక్కగా నిలిచింది. సరిగ్గా అప్పుడే, ఫొటోలో తానూ పడాలని సారు నేరుగా వచ్చి లైటు ముందు నిలబడ్డారు. దుప్పటి నల్లబడిపోయింది. చెంబు, నేను, నా పాఠం అన్నీ ఆయన నీడలో కలిసిపోయాం.

"టీచర్, చెంబు కనవడ్తలేదు," అంది ముందు వరుసలోని పిల్ల.

"సప్పుడు చెయ్యకు! చెంబు రోజూ కనవడ్తది, సారు రోజూ వస్తరా?" అని గదిమారు పెద్దసారు.

'జరుగుండ్రి సార్' అందామంటే నోరు రాలేదు. ఆయన జరగడం సంగతేమో గానీ, నా ఉద్యోగం జరిగిపోతుంది. ఏం చేయాలో తోచక పిల్లల్నే అడిగాను. "సారు నీడ ఎందుకింత పెద్దగున్నది?"

"లైటుకు దగ్గరున్నరు టీచర్!"

"మరి చిన్నగ కావాల్నంటే?"

"సారును దూరం జరుపాలె!" అంది తరగతి మొత్తం, ఒక్క గొంతుతో.

పెద్దసారు రుమాలు తీశారు. ఆఫీసరు దుప్పటి వంక చూసి, దాని వైపు ఒక అడుగు వేశారు. నీడ తగ్గింది. లైటు వైపు జరిగారు, మళ్లీ పెరిగింది. "అరె, గిట్లయితదా!" అన్నారు. ఇక పిల్లలు ఊరుకుంటారా? "ఎనుకకు సార్! ఇంకింత ముందట్కి సార్!" అంటుంటే ఆయన బుద్ధిగా నడిచారు. కిందివాళ్లు చెప్పినట్టు నడవడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి కావచ్చు. వెళ్తూ వెళ్తూ, "గీమెను ఉంచుకోండ్రి, మంచిగ చెప్తంది," అన్నారు పెద్దసారుతో.

బడి విడిచేసరికి ఫొటో టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. 'పాఠాన్ని స్వయంగా పరిశీలిస్తున్న సారు' అని రాశారు. చూస్తే, లైటుకు ఎదురుగా తీసినందుకు నల్లటి ఆకారం తప్ప ముక్కూ మొహం లేవు. అయినా అందరూ దానికి వరసగా దండాలు పెట్టారు (నేనూ పెట్టాను).

ఇప్పుడు మరిపెడలో పక్కా టీచరును. ఆ సాయంత్రం బస్సులో ఏదో గొప్ప తెగువ చూపినట్టు పొంగిపోయాను గానీ, నిజానికది వేరే మాట తోచక అడిగిన ప్రశ్న. ఇప్పుడు నాకు ఎన్నో మాటలు తోస్తాయి, అన్నీ మర్యాదగా మింగేసేవే. నలిగిన కాటన్ చీరలో, ఆ బస్సు కిటికీ పక్కన తనలో తాను నవ్వుకుంటూ పోతున్న ఆ పిచ్చిపిల్ల మాత్రం, తలచుకున్నప్పుడల్లా ముద్దొస్తుంది.