ఎలుగుపిల్ల తల్లి దొరికిందా?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, పిల్లలకి ఏం చెప్పినా చెల్లిపోతుందని. అప్పుడు నేను తిరువూరులో ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచర్ని. చివరి పీరియడ్లో రోజుకి రెండు పేజీల చొప్పున, వరదలో తల్లిని పోగొట్టుకున్న ఎలుగుపిల్ల కథ చదివి వినిపించేదాన్ని. తీరా చూస్తే ఆఖరి పేజీలు చెదలు తినేశాయి. ముందు బెంచీలో ఓ పాప ఉండేది. వాళ్ళమ్మ పని కోసం కువైట్ వెళ్ళింది, పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. నోరు తెరిస్తే ప్రశ్నే కాబట్టి ప్రశ్నల పాప అనేదాన్ని. "మరి వాళ్ళమ్మ దొరికిందా టీచర్?" అని ఆ పిల్ల అడిగేసరికి, లేని పేజీ తిప్పినట్టు నటించి, దొరికిందని చదివేశాను. (చదివానంటున్నాను, ధైర్యం చూడండి.) "మా అమ్మ కూడా వస్తుంది" అంది పాప.

ఆర్నెల్లు తిరక్కుండా ఆ పుస్తకం బొమ్మల సినిమాగా తెలుగులోకి వచ్చింది. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, క్లాసు మొత్తాన్ని మ్యాట్నీకి తీసుకెళదామన్నారు. విజయవాడలో చదువుకుంటున్న మా తమ్ముడు అప్పటికే చూశాడని తెలిసి ఫోన్లో ఆరా తీస్తే, తల్లి రాదని, ముసలి తాబేలే పిల్లని పెంచుతుందని చల్లగా చెప్పాడు. అబద్ధం బయటపడుతుందని కాదు నా భయం, ఇక ఆ పిల్ల వాళ్ళమ్మ వస్తుందన్న మాట కూడా నమ్మదేమోనని. వర్షం వస్తుందండీ అన్నాను, హాల్లో సౌండు ఎక్కువండీ అన్నాను, చివరికి నాకు జ్వరమండీ అని కూడా అన్నాను. "మీరు ఇంట్లో పడుకోండమ్మా, పిల్లల్ని నేను చూసుకుంటా" అన్నారాయన. దాంతో నా జ్వరం తగ్గిపోయింది.

హాల్లో నేను తెర చూడలేదు, పాప మొహమే చూస్తూ కూర్చున్నాను. వరద వచ్చింది, తాబేలు వచ్చింది, తల్లి మాత్రం రాలేదు. లైట్లు వేశారు. పిల్లలంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. పాప నా చెయ్యి పట్టుకుని, నన్నే ఓదారుస్తున్నట్టు మెల్లగా అంది: "వీళ్ళు ముందే ఆపేశారు టీచర్. వాళ్ళమ్మ వచ్చేది ఆ తర్వాత కదా?"

అవునమ్మా అన్నాను. తిరుగు ఆటోలో ఆ తర్వాతి కథంతా మిగతావాళ్ళకి తనే చెప్పింది, నేను కల్పించనివి కూడా కలిపి. మరుసటేడు పెళ్ళై నేను ఊరు మారాను. పాప వాళ్ళమ్మ కువైట్ నుంచి వచ్చిందా అని కనుక్కుందామని ఎన్నిసార్లు ఫోన్ తీసి మళ్ళీ పెట్టేశానో. ఆ పిల్లని నేనే కాపాడుతున్నాననుకున్న ఆ టీచరమ్మని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లకున్న ధైర్యం ఆవిడకి ఇప్పటికీ రాలేదు.