రెండో తలుపు

"మాస్కు ముందు తీయాకండి సార్! ముందు పై గ్లౌజులు! ఎన్నిసార్లు చెప్పాల?"

శశికళ గొంతు వరండా చివరి దాకా వినపడింది. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. ఆయనకు కోపమొచ్చింది, ఆమెకు అంతకన్నా ఎక్కువ వచ్చింది. 2020 ఆగస్టు, కరోనా రోజులు. చింతామణి నుంచి బాగేపల్లి పోయే దారిలో ఒక చిన్న సర్కారు ఆసుపత్రి అది. ఊరి పేరుతో మనకు పని లేదు.

శశికళది పేరేసంద్ర. నాయనకు హైవే పక్కన కిరాణా అంగడి. ఈ పిల్ల అంగట్లో కూచుంటే బేరం చెడిపోతుందని ఆయన నవ్వేవాడు, ఎందుకంటే కుళ్ళిన ఉల్లిగడ్డల్ని కొనేవాళ్ళ ముందే ఏరి పారేసేది. చిక్కబళ్ళాపురంలో నర్సింగు చదివి, పద్దెనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది. ఆ జూన్‌లో బెంగళూరుకు మూడు రోజుల శిక్షణకు పంపితే, అక్కడ విన్న ఒక్క మాట తలలో నాటుకుపోయింది. ఒంటినిండా కప్పే ఆ తెల్ల కిట్టు తొడుక్కునేటప్పుడు కాదు ప్రమాదం, విప్పేటప్పుడు. రోగి దగ్గరి విషమంతా దాని పైననే ఉంటుంది. వరస తప్పి ఒక్కటి లాగినా, ఆ చేత్తో ముక్కు తాకినా అంతే.

తిరిగొచ్చి చూస్తే తమ వార్డుకు ఉన్నది ఒకటే తలుపు. దాని బయట ఆరడుగుల వరండా. పొద్దున ఎనిమిదింటికి లోపలికి పోయేవాళ్ళు అక్కడే తొడుక్కోవాలి, బయటికి వచ్చేవాళ్ళు అక్కడే విప్పాలి. రాత్రంతా చెమటలో నానిపోయి, కళ్ళు తిరుగుతూ వచ్చినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడేంత ఇరుకు. వార్డు వెనక గోడకు మాత్రం పెద్ద కిటికీ ఉంది. చువ్వలు కోసి, దాని కింద మూడడుగుల గోడ తీసేస్తే బయటికి వేరే దారి అవుతుంది.

పెద్ద డాక్టరు అమరనాథ్ మంచివాడే, కాకపోతే భయస్థుడు.

"సర్కారు గోడ తీయాలంటే పైనుంచి ఆదేశ, అదే ఆర్డరు, రావాలమ్మా," అన్నాడు.

"అర్జీ రాసిస్తా సార్. మీరు సంతకం పెట్టండి."

పెట్టాడు. పది రోజులకు నక్షా పంపమని జవాబొచ్చింది. శశికళ స్కేలు పెట్టి తానే గీసి పంపింది. ఇంజనీరు సంతకం లేదని అది వెనక్కి వచ్చింది. మళ్ళీ రాస్తే ఇంజనీరే వచ్చాడు. వార్డు దగ్గరికి రాకుండా, పెరట్లో నిలబడి కిటికీని ఫోటో తీసుకున్నాడు.

"మార్చి దాటినాక చూస్తామమ్మా."

"మార్చా? అంతవరకూ రోగం కాచుకోనుంటాదా అప్పా?"

ఆయన జీపెక్కాడు.

వార్డు ఊడ్చి తుడిచే అక్కమ్మ, గుత్తేదారు కింద పనిచేసే మనిషి. అక్షరాలు రావు గానీ, విప్పే వరస అందరికన్నా బాగా పట్టుబడింది ఆమెకే. ఒకరోజు ఆమె కళ్ళద్దాలు తీస్తుండగా, లోపలికి పోయే తొందరలో ఇంకో నర్సు వచ్చి తగిలింది. కిట్టు ముందు భాగం అక్కమ్మ మొహానికి రాసుకుంది. శశికళ కళ్ళ ముందే జరిగింది. సబ్బుతో కడిగించింది, మళ్ళీ కడిగించింది. ఐదో రోజు అక్కమ్మకు జ్వరం, పరీక్షలో కరోనా.

"నేను వరస తప్పలేదమ్మా," అంది అక్కమ్మ, తాను తుడిచిన వార్డులోనే మంచం మీద పడుకుని. "నువ్వు చూసినావు కదా?"

"చూసినా అక్కా."

ఆమెకు ఎట్లా అంటుకుందో పైకి పంపే విచారణ కాగితంలో మాత్రం 'ఇంటి దగ్గర సోకింది' అని రాశారు. అక్కమ్మ మొగుడు బయ్యప్ప ఇళ్ళు కట్టే మేస్త్రీ. అతనికీ, ఇద్దరు కూతుళ్ళకూ పరీక్షలో లేదని వచ్చింది. ఆ కాగితాలు పట్టుకుని శశికళ అమరనాథ్ గదికి పోయింది.

"ఇంట్లో ఎవరికీ లేదు సార్. మరి యాడ అంటుకుంది ఆమెకు?"

"పైవాళ్ళు అట్ల రాయమన్నారమ్మా. నా చేతిలో ఏముండాది?"

"పెన్నుండాది సార్."

ఆయన ఆ కాగితాలను ఆమె వైపే జరిపాడు. ఆమె వాటిని లాక్కుని బయటికొచ్చేసింది.

ఆ సాయంత్రం భార్యకు రాగిగంజి తెచ్చిన బయ్యప్పను పెరట్లోకి పిలుచుకుపోయి కిటికీ చూపించింది.

"దీన్ని తలుపు చేయాలంటే ఎంతసేపు పడతాదప్పా?"

అతను గోడను పిడికిలితో తట్టి చూశాడు. "ఇటుక గోడే. ఒక పూట."

"ఆదేశ లేదు. మాట నా మీదికి వస్తాది, నీ మీదికీ రావచ్చు."

"మా ఆమె లోపలుండాది కదమ్మా," అన్నాడు బయ్యప్ప.

ఆదివారం పొద్దున అక్కమ్మతో కలిపి నలుగురు రోగుల్ని పక్క గదిలోకి మార్చి, వార్డంతా బ్లీచింగు నీళ్ళతో కడిగించి, బయ్యప్పకు మాస్కూ గ్లౌజులూ తొడిగించి పని మొదలుపెట్టించింది. సుత్తి చప్పుడుకు అమరనాథ్ వచ్చాడు. ఇటుకల కుప్పను చూశాడు, శశికళను చూశాడు.

"నేను ఈ పొద్దు ఊళ్ళో లేనమ్మా," అని వెనక్కి తిరిగిపోయాడు.

మధ్యాహ్నానికి దారి అయింది. తలుపు రెక్క కూడా లేదు, టార్పాలిన్ పరదా ఒకటి. అయినా మరుసటి పొద్దున లోపలికి పోయేవాళ్ళు ముందు నుంచి పోయారు. వచ్చేవాళ్ళు వెనక నుంచి వచ్చి, గాలాడే పెరట్లో, దూరం దూరంగా నిలబడి తీరిగ్గా విప్పుకున్నారు. తర్వాతి నాలుగు నెలల్లో సిబ్బందిలో ఒక్కరికే జ్వరమొచ్చింది. ఆమె కూడా గౌరిబిదనూరులో పెళ్ళికి పోయి తెచ్చుకుంది.

గోడ తీసి నెల తిరక్కుండా శశికళకు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా సర్కారు గోడ పగలగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలట. మూడు అర్జీల నకళ్ళూ జతచేసి రాసిచ్చింది. ఎవరూ చదివినట్టు లేదు. ఆమె సర్వీసు పుస్తకంలో హెచ్చరిక అని రాశారు. పైవాళ్ళు అడిగినప్పుడు అమరనాథ్ తాను ఆ రోజు ఊళ్ళో లేనన్నాడు.

అక్కమ్మ బతికింది గానీ, నిండు బకెట్టు ఎత్తితే ఆయాసం. గుత్తేదారు ఆమె జాగాలో వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఇంట్లో అంటుకున్న రోగమని రాసేశారు కాబట్టి, పరిహారం గట్టిగా అడిగే దారి కూడా లేకపోయింది. ఆ ఒక్క మాట మార్పించాలని శశికళ సెలవు పెట్టి నాలుగుసార్లు పై ఆఫీసుకు తిరిగింది. నాలుగుసార్లూ ఆఫీసరు మీటింగులోనే ఉన్నాడు.

కరోనా తగ్గినాక ఇంజనీరు పంపిన పని మంజూరయింది, పగలగొట్టిన గోడను మళ్ళీ కట్టమని. కట్టారు. సున్నం కూడా కొట్టారు.

పోయినేడు కేరళలో నిఫా జ్వరం వచ్చిందన్నప్పుడు సర్క్యులర్ వచ్చింది, ప్రతి ఆసుపత్రిలో లోపలికీ బయటికీ వేరువేరు దారులుండాలని. శశికళ చదివి బల్ల మీద విసిరికొట్టింది. కాసేపటికి తానే తీసి, ముడతలు సరిచేసి, కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరమ్మ ప్రతిమ ముందు పెట్టింది.

"గోడ తీయాలంటే ఆదేశ కావాల కదా శశికళమ్మా?"

"ఇది ఆదేశ కాకుంటే ఇంకేంది మేడమ్?"

డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. "అర్జీ రాసియ్యండి, పంపిద్దాం."

రాసిచ్చింది. రెండు నెలలైనా జవాబు లేదు. అప్పుడే ఒకరోజు బాగేపల్లి బస్సులో అక్కమ్మ కనిపించి, ఆసుపత్రి ఎట్లుండాదమ్మా అని అడిగింది. శశికళ గోడ మాట ఎత్తకుండా, జరిగి ఆమెకు పక్కన చోటిచ్చింది.