నేను సాక్షి సంతకం పెట్టిన వీలునామా

వీలునామాలు రాయడం, ఆస్తి దావాలు నడపడం నా వృత్తి. రాజమండ్రిలో మేడ మీద ఒకటే గది. అందులో సీనియరూ నేనే, గుమాస్తా నేనే, ఫైళ్ల దుమ్ము దులిపేదీ నేనే. ఆ ఫైళ్ల బరువుకి శ్లాబు జానెడు కుంగిందనీ, కింది మందుల షాపాయన నడుం వంచుకునే మందులిస్తాడనీ అందరికీ చెబుతుంటాను.

యాభై దాటాక అలసట మోకాళ్లలో మొదలై నాలుకదాకా వస్తుందంటారు. నాకు మాత్రం నాలుకదాకా రాలేదు. వీలునామా రాయించే ఇళ్లలో నిజానికి ఏమీ జరగదు. ఒక పెద్దాయన, ఒక బల్ల, ఒక పెన్ను. రోజంతా వాయిదాల కోసం నిలబడి క్యాంటీన్లో కూలబడ్డాక చెప్పుకోవడానికి ఏదో ఒకటి జరగాలి కదా. జరగకపోతే నేనే జరిపించేవాణ్ణి.

కొవ్వూరులో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. పిల్లల్లేరు. తల్లి పోయిన ఒక పసిపిల్లను ఆ దంపతులు తెచ్చి పెంచుకున్నారు. దత్తత కాగితాలు రాయించుకోవాలని వాళ్లకు తోచలేదు. భార్య పోయాక మాస్టారిని చూసుకున్నది ఆ అమ్మాయే. ఇప్పుడామెకు నలభై దాటాయి. ఆ ఇంటి వరండాలోనే మిషన్ కుట్టుకుని బతుకుతోంది. ఇల్లు ఆమె పేర రాయాలని మాస్టారు ఫోన్ చేస్తే టైపు చేసి పట్టుకెళ్లాను. ఆయన సంతకం చేశారు. సాక్షులుగా పక్కింటి పోస్టుమాస్టరు గారూ నేనూ సంతకాలు పెట్టాం. అంతే.

మర్నాడు క్యాంటీన్లో నేను చెప్పింది వేరు. "నేను వెళ్లేసరికే ప్రాణం పోయిందండీ. ఏడుపులు మొదలయ్యాయి. చెవి దగ్గరికెళ్లి 'మాస్టారూ, సంతకం మిగిలిపోయింది' అన్నాను. లేచి కూర్చున్నారు, సంతకం చేశారు, 'ఇక ఏడవండి' అని పడుకున్నారు." అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మాస్టారు ఆ తరవాత తొమ్మిది నెలలు బతికారు.

ఆయన పోగానే తమ్ముడి కొడుకు దావా వేశాడు. వీలునామా దొంగదట, సంతకం నాటికి పెదనాన్నకు స్పృహే లేదట. వీలునామా పోతే ఆమెకు ఇల్లు లేదు. నిలవాలంటే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకొచ్చి, మా కళ్లముందే సంతకం చేశారని చెప్పాలి. వాయిదాల మధ్యలో పోస్టుమాస్టరు గారు కాలం చేశారు. మిగిలింది నేను. సాక్షే ప్లీడరుగా ఉండకూడదు కనుక కేసు ఇంకొకరికి అప్పగించి బోనెక్కాను.

అవతలి ప్లీడరు పాతికేళ్లుగా నాతో టీ తాగుతున్నవాడు. నా కథకి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు.

"చనిపోయిన మనిషి లేచి సంతకం చేశాడని మీరు క్యాంటీన్లో చెప్పారా, లేదా?"

"చెప్పానండి."

"అది నిజమా?"

"అబద్ధమండి."

"అంటే మీరు అబద్ధాలు చెబుతారన్నమాట."

"చెబుతానండి. తమరు రెండోసారి చెప్పించుకుని మరీ విన్నారు గదా."

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు. వెనక బెంచీ మీద ఆమె కూడా నవ్వలేదు. చీర కొంగు పిడికిట్లో బిగించి నా నోటివైపే చూస్తోంది. నా కోతలు మొదటిసారి నాకే వెగటనిపించాయి.

"ఇది క్యాంటీన్ కాదు. ఆ రోజు జరిగింది చెప్పండి" అన్నారు జడ్జిగారు.

చెప్పాను. రెండుసార్లు ఏదో కలపాలని నోరు దురద పెట్టింది, మింగేశాను. "నేనాయన్ని కలిసింది ఆ ఒక్క రోజేనండి. వరండాలో కూర్చున్నారు. పెంచిన కూతుర్ని కావాలనే బజారుకి పంపారు. కాగితం మొత్తం పైకి చదివారు. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టి, అప్పుడు సంతకం చేశారు. మళ్లీ వాచీ పెట్టుకున్నారు."

చెబుతుంటే నాకే చప్పగా ఉంది. ఇంత చప్పటి మాట ఎవరు నమ్ముతారనిపించింది.

అంతలో వెనకనుంచి ఒక గొంతు. "ఆయ్, పెదనాన్న అంతేనండి. వాచీ తియ్యకుండా ప్రోగ్రెస్ కార్డు మీదైనా సంతకం పెట్టేవారు కాదు!"

దావా వేసిన తమ్ముడి కొడుకే. ఆ క్షణాన అతనికి పెదనాన్న గుర్తొచ్చాడు, దావా గుర్తు రాలేదు. అతని ప్లీడరు వెనక్కి తిరిగి చూసిన చూపుకి మనిషి బెంచీలోకి కుంచించుకుపోయాడు. జడ్జిగారు తలెత్తకుండా ఏదో రాసుకున్నారు.

మరికొన్ని వాయిదాల తరవాత ఇల్లు ఆమెదేనని తీర్పు వచ్చింది. అందులో నా గురించీ ఒక వాక్యం ఉంది. ఈ సాక్షికి అతిశయోక్తుల అలవాటు ఉన్నా, ఈ విషయంలో నమ్మదగినవాడట. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు దక్కిన సర్టిఫికెట్ అదొక్కటే.

తీర్పు కాపీ తీసుకోవడానికి ఆమె మెట్లెక్కి వచ్చింది. కాసేపు కూర్చుని, "నాకూ ఒక వీలునామా రాసిపెట్టాలండి" అంది.

"దానికేం, రాద్దామమ్మా."

"రాయడం మీరే రాయండి. సాక్షి సంతకాలకి మాత్రం నేను వేరేవాళ్లని తెచ్చుకుంటానండి. ఏమీ అనుకోకండేం."

ఏమీ అనుకోలేదు. కాస్త తేలికపడ్డాను కూడా. పెన్ను తీసి, పూర్తి పేరు చెప్పమన్నాను.